క్యారేజీలక్క

మందుల షాపులో బీపీ మాత్రల కోసం నిలబడి ఉంటే పక్కనుంచి ఎవరో "బాగుండారా టీచరమ్మా?" అని పలకరించారు. తల తిప్పి చూస్తే ఆస్పత్రి వెనక గేటు వాచ్‌మన్. ఆ రోజుల్లో మూతికి ఎప్పుడూ మాస్కు ఉండేది కాబట్టి అతనికి మీసం ఉందన్న సంగతి నాకు ఆవేళే తెలిసింది. గొంతు మాత్రం ఎక్కడ విన్నా గుర్తుపడతాను. "దూరం, దూరం! చెప్తే ఇనరా?" అని రోజూ మధ్యాహ్నం మమ్మల్నందరినీ గదమాయించిన గొంతు అది. మంచీ చెడ్డా రెండు మాటలయ్యాక అతను, "మన క్యారేజీలక్క పోయింది, తెలుసునా మీకు?" అన్నాడు.

నాకు తెలియదు.

"షుగరు. కాలు తీసేసినారు. ఆ తర్వాత రెండు నెల్లు కూడా బతకలా. బుధవారం పోయింది. బో మంచి మనిషి టీచరమ్మా" అన్నాడు. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, ఆ చివరి మాట దగ్గర నాలుక కరుచుకున్నాడు. ఆ గేటు దగ్గర ఏం జరిగిందో అతనికి తెలుసు. నేను మాత్రలు తీసుకోకుండానే బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

ఆమె అసలు పేరు అప్పట్లో మాకెవరికీ తెలియదు. అడిగిన వాళ్లూ లేరు. లోపల ఉన్న మా మనుషులకు మేం తెచ్చిన క్యారేజీలు మోసుకుపోయేది కాబట్టి క్యారేజీలక్క. అంతే.

కరోనా రెండోసారి మీద పడిన వేసవి అది. మొదటిసారి నెల్లూరు బాగా భయపడింది. రెండోసారి భయపడటానికి కూడా తీరిక దొరకలేదు. పన్నెండింటి దాకా అంగళ్లు, ఆ తర్వాత వీధులన్నీ బోసి. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని గూడూరు నిమ్మకాయల్ని సంచుల కొద్దీ మోసుకుపోయేవాళ్లు. ఏ ఇంట్లో చూసినా దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేవాళ్లే. పాలవాడు ప్యాకెట్టు గోడ మీద పెట్టి, బెల్లు కొట్టి, మనం తలుపు తీసేలోపు సందు మలుపు తిరిగేసేవాడు. మా పాస్టరుగారు ఫోనులోనే ప్రార్థన చేసి ఫోనులోనే ఆమెన్ చెప్పించేవారు. పెన్న ఒడ్డున పొగ ఆగేది కాదు. వీధిలో ఎవరింటి ముందైనా అంబులెన్సు ఆగితే మిగతా ఇళ్ల కిటికీలు టపటపా మూసుకునేవి. మా ఇంటి ముందు ఆగిన రోజు కూడా మూసుకున్నాయి. అంతకు ముందు వారం నేనూ మూసినదాన్నే కాబట్టి ఎవరినీ ఏమీ అనను.

ఆ అంబులెన్సు మా అమ్మ కోసం వచ్చింది. మా అమ్మ బోర్డింగు స్కూల్లో ముప్పై ఏళ్లు మేట్రన్‌గా చేసింది. ఆడపిల్లల హాస్టల్లో రోజూ గుండిగలోంచి గరిటెడు సాంబారు తీసి, అరచేతిలో పోసుకుని, రుచి చూసి, వంటమనిషి ముఖంలోకి ఒక చూపు చూసేది. ఆ చూపుకు ఇద్దరు వంటమనుషులు పని మానేశారని చెప్పుకునేవాళ్లు. రిటైరయ్యాక ఆ చూపు నా వాటాకు వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ, మా ఇద్దరి మధ్య ఒక పొయ్యి. "దీన్ని పులుసంటారా? చేపలు కడిగిన నీళ్లా?" అనేది. నేనూ తక్కువ తినలేదు. "నచ్చకపోతే హాస్టలుకే పో, నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉండాదంట" అనేదాన్ని. ఇరవై ఏళ్లలో నేను వండింది ఒక్క పూట కూడా వంక పెట్టకుండా తినలేదు. ఇది అతిశయోక్తి కాదు. అతిశయోక్తి అంటే ఏమిటో టెన్త్ క్లాసు పిల్లలకు చెప్పి బతికినదాన్ని, నాకా తేడా తెలుసు.

ఆస్పత్రి వరండాలో స్ట్రెచరు మీద పడుకుని, ఎగశ్వాసతో, ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి మరీ ఆమె నాతో అన్న మాట: "రోగుల కూడు పంపించబాక. కారం తగలాల." ఆ తర్వాత ఆమెను లోపలికి తోసుకుపోయారు, నన్ను బయటికి పొమ్మన్నారు.

ఆస్పత్రిలో గుడ్డూ పప్పూ పెట్టేవాళ్లు. అయినా ఇంటి అన్నం పంపని ఇల్లు లేదు. మా వైపు ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగరు, అన్నం తిన్నావా అని అడుగుతారు. ఆ రోజుల్లో మనల్ని లోపలికి రానివ్వరు, డాక్టరు బయటికి రాడు, ఫోను ఎత్తే దిక్కు లేదు. ఇక మిగిలింది క్యారేజీ ఒక్కటే. పన్నెండింటికి నిండుగా లోపలికి పోతుంది, మూడింటికి తిరిగొస్తుంది. ఖాళీగా వస్తే మనిషి బాగున్నట్టు, మిగిలితే బాగా లేనట్టు. సైకిల్ స్టాండు రేకుల కింద ముప్పై మందిమి కూర్చుని ఆ ఒక్క లెక్కనే నమ్ముకుని ఉన్నాం. బీయిస్సీలు చదివినవాళ్లు, బ్యాంకుల్లో చేసేవాళ్లు, నాలాంటి పంతులమ్మలు, అందరిదీ అదే లెక్క.

మొదటి రోజు నేను క్యారేజీకి తెల్ల ప్లాస్టరు అంటించి, దాని మీద మా అమ్మ పేరూ వార్డూ బెడ్డు నంబరూ గుండ్రటి అక్షరాలతో రాసుకుని పోయాను. గేటు లోపల్నుంచి ఒకామె వచ్చింది. పొట్టి మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటుంది. చీర మీద ఆస్పత్రి నీలం కోటు, దాని కింద పైకి దోపిన కుచ్చిళ్లు. సెలైన్ స్టాండు కడ్డీ ఒకటి ఊడబెరుక్కుని దాన్ని కావడి చేసుకుంది. ఒక్కో విడతకు అటు ఎనిమిది, ఇటు ఎనిమిది క్యారేజీలు. నా ప్లాస్టరు చూసి నవ్వింది.

"ఇదంతా నాకెందుకు తల్లీ? సదువు రాదు. గుడ్డ కట్టు."

"ఏం గుడ్డ?"

"మీ ఇంటి గుడ్డ, ఏదో ఒకటి. చీర పేలిక. పట్టుకుంటే తెలిసిపోతాది నాకు."

చూస్తే అక్కడున్న క్యారేజీలన్నిటికీ పేలికలే. నేను చేతిరుమాలు చింపి కట్టాను. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసుకుని, ఎవరికి, ఎన్నో బెడ్డు అని నోటితో అడిగి, కావడికి తగిలించుకుంది. ముప్పై ఇళ్ల పేలికలు ఆమె వేళ్లకు కంఠతా వచ్చు. ఒక్కనాడూ ఒకరిది ఇంకొకరికి ఇవ్వలేదు.

వాళ్ల ఊరు తోటపల్లి గూడూరు దాటాక సముద్రం వైపు. బస్సుల్లేవు. రొయ్యల గుంటల దగ్గర్నుంచి ఐసు పెట్టెలు మోసే వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చేది. అందుకని ఫినాయిలు వాసనతో పాటు ఆమె దగ్గర పచ్చి రొయ్యల వాసన కూడా కొట్టేది. ఒకసారి నేను మాస్కు వెనక ముక్కు ముడుచుకోవడం కనిపెట్టింది. "వాసన తెలస్తా ఉండాదంటే నీకు జబ్బు రానట్టే టీచరమ్మా, సంతోషపడు" అంది. ఆ వేసవిలో మేము నవ్విన నవ్వులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం ఆమె పుణ్యమే.

మూడింటికి తిరిగొచ్చేది. కావడి దించి, ఒక్కొక్క పేలిక తడిమి, ఆ ఇంటివాళ్లను పిలిచేది. వాళ్ల ముందే గిన్నెలన్నీ విడదీసి ఒక్కోటీ తిరగేసి చూపించేది. అడుగున అరచేత్తో కొట్టేది. "చూసుకోండి. మెతుకు రాలిందా?" అని అడిగేది. ఎప్పుడో తప్ప రాలేది కాదు. "అన్నం లోపలికి పోతా ఉంటే మనిషి బయటికొస్తాడు" అనేది. ఆ మాట మాకందరికీ బైబిలు వాక్యం అయిపోయింది. కొత్తగా వచ్చి ఏడుస్తున్నవాళ్లకు పాతవాళ్లు ఆ మాటే చెప్పి ఓదార్చేవాళ్లు. నేనూ చెప్పాను.

గిన్నెతో పాటు ఒక కబురు కూడా తెచ్చేది. మీ నాయన మజ్జిగ ఇంకొంచెం పొయ్యమన్నాడు, మీ చెల్లెలు పచ్చడి అడిగింది, ఇలాగ. మొదటి రోజు మా క్యారేజీలో సగం మిగిలింది. "చారులో మిరియాలు ఎయ్యలేదంట గదా నువ్వు. అబ్బ, ఆ ముసలమ్మ నాలుక!" అంది. రెండో రోజు, "చింతపండు పాతదంట. తెలస్తా ఉండాదంట" అంది. నేను పళ్లు కొరుక్కున్నాను. మూడో రోజు గిన్నెలు నాలుగూ తిరగేసింది. మెతుకు రాలలేదు. "బో బాగుండాదని చెప్పమనింది మీయమ్మ" అంది.

ఇంటికి నడిచిపోతూ దారి పొడుగునా ఏడ్చాను. సంతోషంతో. యాభై ఏళ్లదాన్ని, అమ్మ మెచ్చుకుందని. మర్నాడు తెల్లారే పోయి, అంగళ్లు ఇంకా తెరవకపోయినా ఎవర్నో బతిమాలి బొమ్మిడాయి చేపలు సంపాదించాను. మామిడికాయ వేసి పులుసు పెట్టాను. అదీ ఖాళీగానే వచ్చింది. "ఇట్టాంటి పులుసు ఎప్పుడూ తినలేదంట" అంది క్యారేజీలక్క. నేను గర్వంగా చుట్టూ చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

నా పక్కన రోజూ ఒక రైతు కూర్చునేవాడు. బుచ్చిరెడ్డిపాళెం వైపు మనిషి, కోతలు అలాగే వదిలేసి వచ్చాడు. లోపల ఉన్నది ఆయన భార్య. అయిదో రోజు ఆయన నా వైపు కొంచెం జరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"టీచరమ్మా, ఒక మాట. నా పెళ్లాం వంకాయ తినదు. పెళ్లయిన కాడి నుంచి ముట్టలేదు. నిన్న కావాలనే వంకాయ కూర పంపించినా. క్యారేజీ ఖాళీగా వచ్చింది."

"ఆకలైతే వంకాయా బెండకాయా అని చూస్తారా ఎవరైనా? మంచిదే కదా" అన్నాను.

"ఏమో తల్లీ. నాకు మనసు ఒప్పడం లా."

ఆయన చదువుకోనివాడు. నాకు రెండు డిగ్రీలున్నాయి. పిల్లలకు చెప్పినట్టు ఆయనకు అరగంట సేపు ధైర్యం చెప్పాను.

ఆ మధ్యాహ్నమే పెద్ద నర్సమ్మ గేటు దగ్గరికి వచ్చి, ఈ పూట ఆరు కిట్లున్నాయని, వరసలో ముందున్న ఆరుగురు అవి తొడుక్కుని లోపలికి వెళ్లి తమ వాళ్లను అయిదు నిమిషాలు చూడొచ్చని చెప్పింది. కాగితం మీద సంతకం పెట్టాలి, ఆ తర్వాత ఏం జరిగినా ఆస్పత్రికి సంబంధం లేదు. నేను ఆరోదాన్ని. తెల్ల కిట్టు ప్యాకెట్టు నా చేతికి ఇచ్చారు. వెనక ఏడోవాడు ఆ రైతు. ఆ ప్యాకెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు, కళ్లనీళ్లు మాస్కులోకి కారుతున్నాయి.

"మీరు పోండి. మా అమ్మ బాగానే తింటా ఉండాది" అని ఆయన చేతిలో పెట్టేశాను.

అప్పుడే క్యారేజీలక్క కావడితో గేటు దాటి వచ్చింది. నేను ప్యాకెట్టు ఇవ్వడం చూసింది, నా మాటా విన్నది. నోరు తెరిచింది. గేటు దగ్గర గుమిగూడిన మా అందరి వంకా ఒకసారి చూసింది. మళ్లీ మూసేసుకుంది. ఆ రోజు నా క్యారేజీ నా చేతికి ఇచ్చి, తిరగేయకుండా వెళ్లబోయింది. "అదేంది, చూపించవా?" అని నేనే అడిగాను. అడిగి మరీ తిరగేయించుకున్నాను. మెతుకు రాలలేదు.

రైతు బయటికి వచ్చి, కిట్టు విప్పి చెత్తడబ్బాలో వేసి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఎట్లా ఉందని అడిగితే చెప్పలేదు. చాలా సేపటికి, "మీరు కూడా పోయి చూసి రండి తల్లీ" అన్నాడు. కిట్లు అయిపోయాయి. "రేపు పోతాను లెండి" అన్నాను.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఫోను వచ్చింది. అప్పుడు నేను చేపలకు పొలుసు తీస్తున్నాను. ఆ చేత్తోనే ఫోను ఎత్తాను.

ఆ పూట సంగతి ఎక్కువ రాయలేను. ప్లాస్టిక్ సంచి, నలుగురు మనుషులు, దూరంగా నిలబడి గొంతు పెంచి ప్రార్థన చేసిన పాస్టరుగారు. ముఖం చూపించలేదు. అంతకు ముందు కాగితాల మీద సంతకాలు పెడుతున్నప్పుడు నేను నర్సుతో, "నిన్నటి దాకా బాగా తింటూనే ఉంది కదండీ, ఇంతలో ఏమైంది?" అన్నాను. ఆ అమ్మాయి కేసు షీటు వంక చూసి, నా వంక చూసి, "మూడో రోజు నుంచి నోటితో ఏమీ తీసుకోలేదండీ. అంతా సెలైనే" అంది.

మెచ్చుకోలు మొదలైంది మూడో రోజునే.

రెండు రోజులాగి, మధ్యాహ్నం మూడింటికి గేటు దగ్గరికి పోయాను. క్యారేజీలిచ్చేదాకా ఆగి, ఆమెను గోడ పక్కకు పిలిచాను.

"మా అమ్మ అన్నం ఎవరు తిన్నారు?"

ఆమె తప్పించుకోలేదు. "పదో బెడ్డు ముసలాయనకు పెట్టినా. ఆయనకు ఎవురూ తీసకరారు. ఒకపూట నేను కూడా తిన్నా" అంది.

"బాగుందని ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎందుకు? ఎందుకు చెప్పినావు?"

ఆమె గోడకు ఆనుకుంది. "మొదట్లో నిజమే చెప్తా ఉంటి. ఒకాయన క్యారేజీ రెండ్రోజులు నిండుగానే తెచ్చి ఇంటోళ్ల చేతికిచ్చినా. మూడోరోజు వాళ్లు రాలా. ఇంక లాభం లేదనుకోని ఇంటికాడ అయినోళ్లకు కబురు పెట్టుకున్యారంట. నాలుగో రోజు ఆయన తేరుకున్యాడు. లేచి కూచ్చోని, నా క్యారేజీ రాలేదా అని అడిగినాడు. పొద్దు గూకేదాకా అడగతానే ఉన్యాడు. మర్సనాడు పోయినాడు. జబ్బుతో పోయినాడో, క్యారేజీ రాలేదని పోయినాడో నాకు తెలవదు. ఆ పొద్దు నుంచి నేను ఎవురికీ నిండు క్యారేజీ ఇవ్వలా. తినినా తినకపోయినా క్యారేజీ రావాల టీచరమ్మా. లోపలోళ్లు దానికోసరం చూస్తా ఉంటారు. మీయమ్మ అయితే..."

"మా అమ్మ మాట నీ నోటితో ఎత్తబాక!" అని అరిచాను. వాచ్‌మన్ తిరిగి చూశాడు. "సరే, ఆ కథలన్నీ సరే. నేను ఆ కిట్టు ఇచ్చేస్తా ఉంటే చూసినావు కదా. అప్పుడేమైంది నీ నోరు?"

"అది తప్పే" అంది. "ఆడ ముప్పై మంది ఉండారు. నీకు చెప్తే అందరికీ చెప్పినట్టే. నోరు రాలా."

నా ఒక్కదాన్నీ ముప్పై మందితో తూచింది. తూకం తప్పని ఇవాళ్టికీ అనలేను. కానీ తక్కెట్లో ఉన్నది మా అమ్మ. ఇంటికి పోయి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు, ఒక్క అక్షరం తప్పు లేని తెలుగులో. పేరు రాయాల్సిన చోట పేరు తెలియక "వెనక గేటు వద్ద క్యారేజీలు మోయు ఆయా" అని రాశాను. ఆమెను పట్టించడానికి అది చాలింది. రోగుల ఆహారం స్వాహా చేస్తున్నదని రాశాను. ఆ అన్నం ఎక్కువగా ఎవరి నోట్లోకి పోయిందో నాకు అప్పటికి తెలుసు. తెలిసీ ఆ మాటే రాశాను. కాంట్రాక్టు మనిషి కాబట్టి విచారణ గిచారణ ఏమీ లేదు, మూడో రోజుకు రావద్దన్నారు.

తర్వాతి వారం డెత్ సర్టిఫికెట్ కోసం పోతే గేటు లోపల ఒక బల్ల వేసి ఉంది. ఇంటివాళ్లు క్యారేజీలు దాని మీద పెట్టిపోవాలి. ఎవరికి తీరికైతే వాళ్లు లోపలికి తీసుకుపోతారు. మూడింటికి సగం క్యారేజీలు ఆ బల్ల మీదే ఉన్నాయి, ఎండకు అన్నం పులిసిన వాసన. లోపలికి పోయి వచ్చినవి కూడా కొన్ని నిండుగానే ఉన్నాయి. ఒక పెద్దావిడ మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూస్తోంది. రేకుల కింద కూర్చునే మనుషులు సగానికి సగం తగ్గారు. వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు అన్నీ నిజాలే వస్తా ఉండాయి టీచరమ్మా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నేను సర్టిఫికెట్ తీసుకుని వచ్చేశాను.

ఆమె నాకు ఇంకొక్కసారి కనిపించింది. ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఇంటి గేటు బయట నిలబడి ఉంది. చచ్చిపోయిన హాస్టలు మేట్రనమ్మ ఇల్లు ఏదని అడుగుతూ అడుగుతూ వచ్చిందట. చేతి వేళ్లు ఐసులో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతున్నానని చెప్పింది. నేను లోపలికి రమ్మనలేదు. ఉద్యోగం గురించి అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

"దానికి రాలేదమ్మా" అంది నా మనసులో మాట విన్నట్టుగా. "మీయమ్మ అనిన మాట ఒకటి నా కాడ ఉండిపోయింది. అది నీకు చెప్పి పోదామని."

"ఏ మాట? బో బాగుండాదనే మాటా?"

"అది కాదు. ఇది ఆయమ్మ నిజంగా అనినది."

"నువ్వు చెప్పేదాంట్లో ఏది నిజమో ఏది అబద్ధమో నాకెట్టా తెలస్తాది?"

గట్టిగా తగలాలనే అన్నాను. ఆమెకు కోపం రాలేదు. తల వంచుకుని, నేను నిజంగానే అడిగినట్టు కాసేపు ఆలోచించింది. "తెలవదు గదా" అంది చివరికి. "అవును. నీకు తెలిసే దారి లేదు." చేతులు చీర కొంగుకు తుడుచుకుని, నేను వెయ్యకుండా వదిలేసిన గేటు గొళ్లెం నెమ్మదిగా వేసి, వానలోకి వెళ్లిపోయింది. అప్పటికే కుడికాలు కొంచెం ఈడుస్తోంది.

ఆమె ఇంకో నిమిషం నిలబడి ఉంటే నేనే అడిగేదాన్ని. ఆ సంగతి అప్పుడే నాకు తెలుసు. మళ్లీ వస్తుందని చూశాను. ఆమె రాలేదు. వాళ్ల ఊరికి గంటన్నర ప్రయాణం. దసరా సెలవుల్లో పోదామనుకున్నాను, క్రిస్మస్ సెలవుల్లో పోదామనుకున్నాను, రిటైరయ్యాక పోదామనుకున్నాను. ఎవరి ముందూ తల వంచని వంశం మాది. అలా ఏళ్లు గడిచాయి.

వాచ్‌మన్ చెప్పిన మర్నాడు బస్సెక్కాను. దిగాక రొయ్యల గుంటల గట్ల మీద రెండు కిలోమీటర్లు ఆటో. రేకుల ఇల్లు, వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. గోడకు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. కింద పేరు ఉంది, చదివాను. ఆ పేరుతో ఆమెను ఒక్కసారీ పిలవనిదాన్ని కాబట్టి ఇక్కడ రాయను. కొడుకు గుంటల దగ్గర పనిచేస్తాడు. కుర్చీ వేసి, "మీరు ఆస్పత్రిలో ఆమెతో పని చేసినారా?" అని అడిగాడు.

"లేదు నాయనా. మా అమ్మకు క్యారేజీ తెచ్చేదాన్ని" అన్నాను. ఇక దాచి ఏం లాభమని, "ఆమె ఉద్యోగం నా వల్లే పోయింది. నేనే కాగితం రాశాను" అని కూడా చెప్పాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "మాకు అట్టా చెప్పలేదమ్మా. కాంట్రాక్టు అయిపోయిందనింది" అన్నాడు.

కోడలు టీ తెచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని, నేను అక్కడికి ఎందుకు వచ్చానో అది అడిగాను. మీ అమ్మ ఎప్పుడైనా ఒక ముసలామె గురించి చెప్పిందా, హాస్టల్లో మేట్రన్‌గా చేసినామె, మా అమ్మ, చివర్లో ఏదో మాట అన్నదట, ఆ మాట మీకేమైనా చెప్పిందా అని. అతను ఆలోచించాడు. భార్య వైపు చూశాడు. ఆమె లేదన్నట్టు తల ఊపింది.

"ఆస్పత్రి మాటలు ఇంట్లో ఎత్తేది కాదమ్మా. ఎంత అడిగినా చెప్పేది కాదు. లోపలోళ్లు అనిన మాట ఎవురిది వాళ్లకే చెప్పాల, ఇంకొకళ్లకు చెప్పకూడదు అనేది" అన్నాడు.

మా అమ్మ చివరగా అన్న మాట మా ఇంటి గేటు దాకా వచ్చింది. నేనే లోపలికి రానివ్వలేదు.